దయచేసి వినండి

"చెప్పిన గద బిడ్డా, మూడు విజిల్లు రాంగనే బంద్ చెయ్యమని!"

"నువ్వు చెప్పలే మమ్మీ."

"చెప్పిన. నువ్వు ఊ అన్నవ్."

"నేను ఊ అన్లే. ఎస్ అన్న. గది కూడ నీకు కాదు, మేరీకి."

తాండూరులో పప్పుల వ్యాపారి వెంకటేశ్వర్ ఇంట్లో ఈ గొడవ మొదలై అప్పటికే చాలాసేపయింది. మేరీ ఎవరంటే, ఆయన కూతురు అంకిత చెవిలో ఉంటుంది. ఇయర్‌ఫోన్స్‌లోంచి రోజూ వచ్చి, పోస్టాఫీసుకు ఎటు వెళ్లాలని ఇంగ్లీషులో అడుగుతుంది. ఆ పొద్దున మేరీకి దారి దొరికింది. కుక్కర్లో పప్పు అడుగంటింది.

మాడు వాసన ముందుగదిలోకి వచ్చాకే వెంకటేశ్వర్ ఫోన్లోంచి తలెత్తాడు.

"ఏ పప్పు మాడింది? దుకాణంల మిగిలిందా, ఇంట్లకని పక్కకు పెట్టిన మంచిదా?"

"మంచిదే," అంది వసంతమ్మ.

"అయ్యయ్యో!" అన్నాడాయన. భార్య చెప్పిన మాటకు ఆయన అంత నిండుగా బదులివ్వడం ఈమధ్య కాలంలో అదే మొదలు.

అంకిత అన్న రాఘవేంద్ర గదిలోంచి వచ్చి, "వాట్ హ్యాపెండ్?" అని, జవాబు కోసం ఆగకుండా స్నానానికి పోయాడు.

వసంతమ్మ కుక్కర్ నిండా నీళ్లు పోసి పక్కన పెట్టింది. నిజానికి పొద్దుటి నుంచి ఆమె చెప్పాలని చూస్తున్నది పప్పు సంగతి కాదు. రేపు ఆదివారం. రేపటిలోగా వికారాబాద్‌కు ఫోన్ చేసి, రొట్టెల పనికి వస్తానో రానో ఆమె తేల్చి చెప్పాలి. ఆ మాట ముందు ఇంట్లో చెప్పాలి. ఇంట్లో చెప్పాలంటే ఎవరో ఒకరు వినాలి కదా!

ఇంతవరకు చదివి మీరు అంకితను తప్పు పడుతున్నారేమో. తొందరపడకండి. నేను ఆ పిల్ల పక్షమే. ఇంగ్లీషు లిజనింగ్ ప్రాక్టీస్ చేసే మనిషి ఒక్కరుంటే చాలు, ఆ ఇల్లు బాగుపడినట్టే! పప్పు మాడిందంటారా? పప్పుదేముంది, మళ్లీ పెట్టుకోవచ్చు. పరాయి ఊళ్లో ఆడపిల్ల దారి తప్పితే ఎవరు చూస్తారు?

అసలు ఇది ఎలా మొదలైందో చెబుతాను.

అంకిత డిగ్రీ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఉద్యోగానికి పోటీ పడితే రాయడంలో గట్టెక్కింది, మాట్లాడడంలో గట్టెక్కింది, వినడంలో తప్పింది. విడ్డూరంగా లేదూ? పుట్టినప్పటి నుంచి రెండు చెవులతో తిరుగుతున్న పిల్ల వినడంలో ఫెయిలవడమా! వినడం కూడా ఒక సబ్జెక్టేనని, దానికి పాసు మార్కులుంటాయని మనకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈపాటికి ఎన్ని కాపురాలు సప్లిమెంటరీ రాస్తూ ఉండేవో!

వికారాబాద్‌లో కోచింగ్‌కు చేరింది. ఒకరోజు అక్కడి సారు తల్లిదండ్రులను రమ్మన్నాడు. వెంకటేశ్వర్ దుకాణం మూసి, నలుగురూ రైలెక్కి వెళ్లారు. సారు నల్లకోటు వేసుకుని, ఏసీ లేని గదిలో చెమటలు తుడుచుకుంటూ చెప్పాడు.

"రూల్ ఒక్కటే. పరీక్షలో రికార్డింగ్ రెండుసార్లే వినిపిస్తారు. తర్వాత ప్రశ్నలు. మూడోసారి అడిగితే లేదు. కాబట్టి మీ ఇల్లే ల్యాబ్ కావాలి. కూర దగ్గర్నుంచి కరెంటు దాకా అన్ని మాటలూ ఇంగ్లీషులో జరగాలి. తెలుగు చెవిన పడిందా, ఇంగ్లీషు చెవి మూసుకుపోతుంది."

"మరి నాకు రాదు గద సార్?" అంది వసంతమ్మ.

"మీరు మాట్లాడకుండా ఉండండి మేడమ్. అది కూడా సహకారమే."

ఎంత సులువైన పని అప్పగించాడో చూడండి! మిగతా ముగ్గురికీ ఒక భాష మొత్తం నేర్చుకునే బరువు. ఆమెకు నోరు మూసుకోవడమే.

ల్యాబ్ ఆ సాయంత్రమే వికారాబాద్ స్టేషన్లో ప్రారంభమైంది. తాండూరు బండి కోసం ఒకటో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. మైకులో ఆడగొంతు పలికింది. "దయచేసి వినండి..."

"చెవులు మూసుకోర్రి!" అని అరిచింది అంకిత. "తెలుగుల వినొద్దు. ఇంగ్లీష్‌ల వచ్చినంక విందాం. సార్ చెప్పిండు గద!"

వెంకటేశ్వర్, తాండూరు మార్కెట్‌లో పది మంది నమస్తే పెట్టే మనిషి, ప్లాట్‌ఫారం నడిమధ్యలో రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుని నిలబడ్డాడు. రాఘవేంద్ర చెవుల్లో ముందే పాటలున్నాయి. వసంతమ్మ రెండు చేతుల్లోనూ సంచులున్నాయి. చెవులు మూసుకునే వీలు లేక ఆమె వినేసింది.

"మూడో ప్లాట్‌ఫారమంట," అంది.

"ష్! ఆన్సర్ చెప్పొద్దు మమ్మీ!"

వసంతమ్మ భర్త వైపు తిరిగి అదే మాట చెప్పింది. ఆయన చెవుల మీద చేతులు తీయకుండానే "ఊ" అన్నాడు.

తర్వాత హిందీలో చెప్పారు. మళ్లీ చెవులు మూసుకున్నారు. చివరికి ఇంగ్లీషు వచ్చింది. సరిగ్గా అప్పుడే నాపరాళ్ల గూడ్సు బండి ఒకటి స్టేషన్ అదిరిపోయేలా నడిచింది. అంకిత కళ్లు మూసుకుని ఏకాగ్రతతో విని, "ప్లాట్‌ఫామ్ నంబర్ వన్. క్లియర్‌గ అన్నది," అని తేల్చింది.

బండి మూడో ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. ఆగింది. జనాన్ని ఎక్కించుకుంది. వెళ్లిపోయింది.

"గది మన బండేనా?" అన్నాడు వెంకటేశ్వర్.

"మనదే," అంది వసంతమ్మ.

"జర చెప్పొద్దా మరి?"

"చెప్పిన. ఊ అన్నరు."

లిజనింగ్ ప్రాక్టీస్ వల్ల ఏం ఒరిగిందని అడిగేవాళ్లకు ఇదే నా జవాబు. ఆ ప్రాక్టీస్ లేకుంటే ఆ బండి తప్పేదా? బండి తప్పకుంటే వసంతమ్మకు రెబెక్క కనిపించేదా?

రెబెక్క, వసంతమ్మ తాండూరు బడిలో ఒకే బెంచీ వాళ్లు. పెళ్లయ్యాక రెబెక్క వికారాబాద్‌లో స్థిరపడింది. స్టేషన్ రోడ్డులో జొన్నరొట్టెల వంటిల్లు నడుపుతోంది. ఆసుపత్రిలో డ్యూటీ చేసేవాళ్లకు, సెలవు రోజుల్లో అనంతగిరి గుట్టకు వచ్చే హైదరాబాద్ వాళ్లకు రొట్టెలు అక్కడి నుంచే పోతాయి. ఎవరినో బండెక్కించడానికి వచ్చి, బెంచీ మీద సంచులతో కూర్చున్న వసంతమ్మను చూసింది.

"ఏందే వసంతా, గిట్ల కూసున్నవ్?"

"బండి పోయింది."

"మైకుల చెప్పిండ్రు గదనే. వినలేదా?"

"విన్న. నేనొక్కదాన్నే."

రెబెక్క పకపకా నవ్వి పక్కన కూర్చుంది. తర్వాతి బండి వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకున్నారు. మాట్లాడింది ఎక్కువగా వసంతమ్మే. రెబెక్క ఊ కొట్టింది. ఆ ఊ ఎలాంటిదనుకున్నారు! మధ్యమధ్యలో "అయితే?" అనేది. "అయినంక ఏమన్నడు?" అనేది. "మరి నువ్వు ఊకున్నవా?" అని కసిరేది. వసంతమ్మకు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. తనకు చెప్పుకోవడానికి ఇంత ఉందని ఆమెకే తెలియదు.

లేవబోతూ రెబెక్క అంది. "నీ చెయ్యి నాకు యాదికున్నదే. బడికి నువ్వు తెచ్చిన రొట్టె పొద్దుమూకినా మెత్తగుంటుండె. నాకు మంచి చేతులు దొరుకుతలేవు. పొద్దటి బండికి రా, మధ్యాహ్నం బండికి పో. కూలికి కాదు, నాతోని సగానికి. ఏమంటవ్?"

"ఇంట్ల అడగాలె."

"అడుగు. వచ్చే ఆదివారం దాంక చూస్త. గప్పటికి చెప్పకుంటే కోట్‌పల్లి నుంచి ఒకామె వస్తనంటున్నది, ఆమెను పెట్టుకుంట."

ఇంటికి వచ్చిన మరుసటి రోజు నుంచి, తొందరలో నోరు జారి తెలుగు దొర్లినప్పుడు తప్ప, ఇంగ్లీషు పాలన మొదలైంది. దాని లాభాలు ఎన్నని చెప్పను?

కాపురంలో పోట్లాటలు పోయాయి! ఇదివరకు కూరలో ఉప్పు తగ్గితే వెంకటేశ్వర్ మొదలుపెట్టే ప్రసంగం చేతులు కడుక్కునేదాకా నడిచేది. దానికి వసంతమ్మ ఇచ్చే జవాబు గిన్నెలు కడిగేదాకా నడిచేది. ఇప్పుడు ఆయన "సాల్ట్ నో," అంటాడు. ఆమె ఉప్పు డబ్బా జరుపుతుంది. అయిపోయింది! ఇన్నేళ్లుగా నూరి పదును పెట్టుకున్న ఆమె మాటలన్నీ తెలుగులో ఉండిపోయాయి, పండక్కి తప్ప తీయని పట్టుచీరల్లా.

పెరుగు ఆదా అయింది! పక్కింటి పద్మారాణి వారానికి నాలుగుసార్లు గిన్నె పట్టుకుని తోడుకు వచ్చేది. అంకిత ఆమెను గుమ్మంలోనే ఆపి, "ఆంటీ, వుడ్ యు మైండ్ అని స్టార్ట్ చెయ్యుర్రి," అంది. పద్మారాణి తోడు మానేసి పెరుగు ప్యాకెట్ కొనుక్కుంటోంది. ఆవిడ కూతురికి పెళ్లి కుదిరిన సంగతి కూడా ఈ ఇంట్లో తెలియలేదు. అయితేనేం? ఫోన్లో ఉండే బ్రౌన్ గారి చెల్లెలు ఇల్లు మారిందని, ఆయన గురువారం పళ్ల డాక్టర్ దగ్గరికి పోతాడని ఇంటిల్లిపాదికీ తెలుసు.

వ్యాపారానికి కూడా మేలే. దౌల్తాబాద్ నుంచి ఎంకయ్య అనే రైతు కందులు తెచ్చి ధర అడిగాడు. వెంకటేశ్వర్ అంకిత నేర్పిన ముక్క ప్రయోగించాడు. "కమ్ అగైన్?" ఏమన్నారు, ఇంకోసారి చెప్పండి అని దాని అర్థమట. ఎంకయ్యకు కూడా ఆపాటి ఇంగ్లీషు వచ్చు. మళ్లీ రమ్మంటున్నాడనుకుని మూటలు ఎత్తుకుని పక్క దుకాణానికి పోయాడు. ఆ పూట వెంకటేశ్వర్‌కు తూకం వేసే శ్రమ తప్పింది.

ఇంత సుఖంగా సాగుతున్న ఇంట్లో వసంతమ్మ తన మాట ఎక్కడ పెట్టాలి?

మొదట భర్త దగ్గర పెట్టింది. ఆయన ఫోన్లో కందుల రేటు చూస్తున్నాడు. తెలుగులోనే అడిగింది. "ఇగో, వింటున్నరా? రెబెక్క రొట్టెల పనికి రమ్మంటున్నది. వికారాబాద్ పోదునా?"

"ఊ," అన్నాడు.

కొడుకును అడిగింది. అతను చెప్పులు వేసుకుంటూ, "ఓకే మమ్మీ," అన్నాడు. కూతురి గుమ్మంలో నిలబడి అడిగింది. "ఎస్, ఐ వుడ్ లవ్ టు!" అంది అంకిత చాలా సంతోషంగా, గోడకేసి చూస్తూ.

ముగ్గురూ ఒప్పుకున్నారని వసంతమ్మ సంబరపడిందా? లేదు. ఆమె ఏం తెలియనిది కాదు. ఊ రెండు రకాలని స్టేషన్ బెంచీ మీద ఆమెకు బాగా తెలిసొచ్చింది. ఒక ఊ మాటను ముందుకు నడిపిస్తుంది. ఇంకో ఊ మాట మీద మూత పెడుతుంది. ఈ ఇంట్లో ఉన్నవన్నీ మూతలే.

శుక్రవారం పొద్దున అంకిత చెవులు నొప్పి పుట్టి, ఫోన్‌ను వంటింటి గట్టు మీద పెట్టి స్పీకర్ ఆన్ చేసింది. వసంతమ్మ జొన్నపిండి పిసుకుతోంది. ఫోన్లో ఒకావిడ ఏదో చెబుతోంది. ఒకాయన మధ్యమధ్య ఏదో అంటున్నాడు. మాటలు తెలియకపోయినా గొంతులు తెలుస్తాయి కదా! ఆయన గొంతులో రెబెక్క ఊ ఉంది. వసంతమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏమంటున్నది బిడ్డా గామె?"

"మళ్ల జాబ్ చేద్దామనుకుంటున్న అంటున్నది మమ్మీ."

"గాయనేమన్నడు?"

"మంచిగుంది, ఇంకా చెప్పు అన్నడు."

"మొగడేనా?"

"మొగడే."

"ఏ ఊరోళ్లు?"

"రికార్డింగ్ మమ్మీ. గాళ్లకు ఊరుండదు."

"గందుకే," అంది వసంతమ్మ. "ఇంకోసారి పెట్టు."

అంకిత పెట్టింది. మూడోసారి అడిగితే మాత్రం, "రెండుసార్లే మమ్మీ, రూల్," అంది. తర్వాత ప్రశ్న వచ్చింది. ఆవిడ ఎక్కడ పని చేయాలనుకుంటోంది? అంకిత నొక్కింది. పూల దుకాణం. కరెక్ట్! ఎగిరి గంతేసినంత పని చేసింది.

వసంతమ్మ పిండి ముద్దను చేతిలోకి తీసుకుంది. "మరి మీ అమ్మ యాడికి పోదామనుకుంటున్నది?" అని మెల్లగా అడిగింది.

"హా?" అంది అంకిత. అప్పటికే ఇంకో సంభాషణ మొదలైంది. బ్రౌన్ గారి గొడుగు పోయింది.

ఆ మర్నాడే పప్పు మాడింది.

శనివారం రాత్రి. ముగ్గురూ పళ్లేల ముందు కూర్చున్నారు. వెంకటేశ్వర్ ఎడమచేతిలో ఫోను, రాఘవేంద్ర ఒళ్లో ఫోను, అంకిత చెవిలో మేరీ. వసంతమ్మ రొట్టెలు వడ్డించింది, పప్పు వడ్డించింది. తను కూర్చోలేదు. గరిటెతో స్టీలు గ్లాసు మీద ఒక్క దెబ్బ కొట్టింది.

"దయచేసి వినండి," అంది.

అచ్చం స్టేషన్ గొంతే. వెంకటేశ్వర్ చెయ్యి అలవాటుగా చెవి దాకా పోయి ఆగింది.

"రెండుసార్లే చెప్త. అయినంక ప్రశ్నలుంటయ్. సోమవారం నుంచి వసంతమ్మ పొద్దటి బండికి వికారాబాద్ పోతది. రెబెక్కతోని రొట్టెల పని చేస్తది. మధ్యాహ్నం బండికి ఇంటికొస్తది. ఇగ ప్రశ్న. వసంతమ్మ యాడికి పోతది?"

"వసంతమ్మ ఎవరు?" అన్నాడు రాఘవేంద్ర నోటినిండా రొట్టెతో.

"మమ్మీ అన్నా!" అని చెల్లెలు మోచేత్తో పొడిచింది.

వెంకటేశ్వర్ ఫోను బోర్లించాడు. "ఎవర్ని అడిగి పోతున్నవ్?"

"మిమ్మల్నే. కందుల రేటు చూస్తుంటిరి. పోదునా అన్న. ఊ అన్నరు."

"నేనెప్పుడన్న?"

"వీడు ఓకే అన్నడు. అంకితయితే ఎస్ అన్నది, నవ్వుకుంట అన్నది. ఇంటిల్లిపాది ఒప్పుకున్నంక ఇంకేముంది? సందేళ రెబెక్కకు ఫోన్ చేసి వస్తనని చెప్పిన."

"నేను మేరీకి..." అని అంకిత మధ్యలోనే ఆగిపోయింది.

వెంకటేశ్వర్ ఏదో అనబోయాడు. ఇంగ్లీషులో మాటలు లేవు. తెలుగులో, తాను వినలేదని ఒప్పుకుంటే తప్ప ఒక్క వాక్యమూ కుదరడం లేదు. నీళ్లు తాగాడు.

అంకిత ఇయర్‌ఫోన్స్ తీసి పళ్లెం పక్కన పెట్టింది. అందులోంచి మేరీ ఇంకా సన్నగా దారి అడుగుతూనే ఉంది. ఎవరూ చెప్పలేదు. "మమ్మీ," అంది ఆ పిల్ల, తెలుగులోనే. "ఇంకోసారి చెప్పు."

ఇంగ్లీషు వినే ప్రాక్టీస్ ఇంటికి వరమని నేను మొదటే అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. నల్లకోటు సారు చెప్పినదాంట్లో పొరపాటు ఒక్కటే ఉంది. పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుందనుకున్నాడు.

వసంతమ్మ పీట వాల్చుకుని, తన పళ్లెం ముందు పెట్టుకుని, ఒక రొట్టె తీసుకుంది. ఈసారి గరిటె మోగించలేదు. గొంతు కూడా పెంచలేదు.

"సోమవారం నుంచి పొద్దటి బండికి వికారాబాద్ పోతున్న. మధ్యాహ్నం బండికి వస్త. పొద్దటి వంట మీది."

ముగ్గురిలో ఒక్కరు కూడా ఊ అనలేదు. అంటే విన్నారన్న మాట!

"పప్పు, నీళ్లు కొలిచి పెట్టిపోత," అంది వసంతమ్మ రొట్టె తుంచుకుంటూ. "విజిల్ మాత్రం మీరే వినాలె."